ఓనర్‌కి తెలిసినవాళ్లైతే టెస్ట్ అక్కర్లేదా?

ఫౌండర్ తన స్నేహితుల్ని, చుట్టాల్ని టెస్ట్ పెట్టకుండా ఉద్యోగంలోకి తీసుకోవడం అన్యాయమా, లేక ఆయన కంపెనీ ఆయన ఇష్టమా అని అడిగారు. నా దృష్టిలో అన్యాయమే. బయట ఉండిపోయినవాళ్లకే కాదు, అలా లోపలికి వచ్చిన మనిషికి కూడా.

విజయనగరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ పేపర్ తయారుచేసి దిద్దే పని నాది. పలాస వైపు జీడి ఫ్యాక్టరీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. టెస్ట్ కూడా ఆ పనే. 80 కిలోల జీడిపిక్కల బస్తాల కొనుగోలు ఎంట్రీలు కొన్ని ఇచ్చి, తూకంలో, రేటులో తప్పులు పట్టే ప్రోగ్రాం రాయమనేవాళ్లం. పార్వతీపురం, సాలూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి రాసేవారు పిల్లలు. ఒకసారి ఫౌండర్ బావమరిది స్నేహితుడు మాత్రం 'మనవాడే' అన్న ఒక్క మాటతో చేరిపోయాడు.

అబ్బాయి మంచివాడు, కష్టపడేవాడు. మొదట్లో పని రాలేదు. ఫౌండర్ మనిషి కదా అని ఎవరూ మొహం మీద చెప్పలేదు, వెనకాల అతని కోడ్ సరిచేసుకునేవారు. ఎక్కడ తప్పుతోందో తెలియక నేర్చుకోవడమూ ఆలస్యమైంది. తర్వాత బాగా నేర్చుకున్నాడు, అయినా 'రికమండేషన్ కేండిడేట్' అన్న ముద్ర పోలేదు. 'అన్నా, నాకూ ఆ పేపర్ ఇచ్చుంటే బాగుండేది' అన్నాడు నాతో. నాకు చాలా బాధేసింది.

చట్టం సంగతి వేరు. ఒకప్పటి గ్రామాధికారి అయిన మునసబు ఉద్యోగాన్ని వారసత్వం చూసి ఇవ్వడం చెల్లదని 1960లోనే గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దానికి ఆధారమైన రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటు ఓనర్‌ని అది ఆపదు.

ఫౌండర్‌తో ఒకే టీంలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల విషయంలో నేను పట్టుబట్టను. ఆ పని ఆయన కళ్లారా చూశాడు, గంట పేపర్ కన్నా అదే గట్టి రుజువు. ఒకే ఊరు, ఒకే కాలేజీ అంటే మాత్రం మనిషి మీద నమ్మకం కుదురుతుంది, పని వచ్చో రాదో తెలియదు. అలాంటివాళ్లకి పరిచయాల ఇంటర్వ్యూ మానేసినా పర్లేదు, పేపర్ మాత్రం అందరితో పాటే ఇవ్వాలి. పేరు కనపడకుండా నంబరు వేసి, ఫౌండర్ కాకుండా వేరేవాళ్లు దిద్దాలి.

మీ ఆఫీసులో ఇప్పుడు ఎవరైనా అలా చేరబోతుంటే ఫౌండర్‌తో వాదన పెట్టుకోకండి. 'సార్, రేపు మీవాణ్ణి ఎవరూ ఒక మాట అనకుండా ఉండాలంటే పేపర్ రాయించండి' అని అడగండి. మా దగ్గర ఆ తర్వాత వచ్చినవాళ్ల విషయంలో పనిచేసింది ఈ మాటే.