కారంపొడికి పేరు పెడుతున్న బిడ్డకు

బిడ్డా, ఆశీస్సులు.

ప్యాకెట్ మీద పేరు, బొమ్మ ఖాయమైనట్టు రాశావు. సంతోషం. ఆ పేరును మసాలాలు వచ్చే 30వ తరగతి కింద ట్రేడ్‌మార్కుకు పెట్టెయ్. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. అది కాగితం పని. నువ్వు కూర్చుని ఆలోచించాల్సింది వేరే ఉంది: నువ్వు లేని రోజు గిర్నిలో ఏం జరుగుతుంది?

గోడ మీద 'నాణ్యతే మా ప్రాణం' అని రాయించకు. ఏం చెయ్యమో రాయించు. తాలు కాయ (రంగు పోయి తెల్లబడ్డ నాసి కాయ) కలపం. తడి కాయ పట్టం. బయట పట్టిన పొడి కొనం. ఈ మూడూ పనిచేసే అందరికీ నోటికి రావాలి. మూడోది చిన్న విషయం కాదు. 2005లో బ్రిటన్‌లో తిండిలో వాడకూడని సుడాన్-1 రంగు కలిసిన కారంపొడి ఒక సాస్‌లోకి, దాని నుంచి వేరే వంటకాల్లోకి పోయి, 400కు పైగా సరుకులు దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే పొడిని నీళ్లలో వేసి రంగు దిగుతుందా అని చూసే గ్లాసు నీళ్ల పరీక్షకు దొరకదు, ల్యాబుకు పంపాల్సిందే.

ఈ మాటల మీద నిలబడతావా లేదా అన్నది వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట (వేలంలో పలికే గరిష్ఠ ధర) ఎగబాకిన వారం తేలుతుంది. క్వింటాలుకు పది కిలోల తాలు కలిస్తే ఎవరికి తెలుస్తుంది అనిపిస్తుంది. కొన్నవాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. గిర్నిలో వాళ్లకు ఆ పూటే తెలుస్తుంది. ఇక తడి బస్తా వచ్చినా 'ఓనరమ్మే కలుపుతుంది, మనకెందుకు' అని వదిలేస్తారు. రేటు పెంచు, లేదంటే ఆ వారం గిర్ని ఆపు. కలపకు.

బస్తా ఆపే అధికారం తొడిమలు తీసే ఆడవాళ్లకే ఇవ్వు. బరువు కోసం కాయ మీద నీళ్లు చల్లేవాళ్లుంటారు. పైన ఎండినట్టే ఉంటుంది, బస్తా నడుమ చెయ్యి పెడితే మెత్తగా తగులుతుంది. గుప్పెడు కాయ చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. విరిస్తే లోపల బూజు ఉండొద్దు. ఆమె వద్దన్న బస్తా నీకు ఫోన్ చెయ్యకుండానే పక్కకు పోవాలి, అది మీ తమ్ముడు పంపిందైనా సరే. ఆ రోజు కూలి తగ్గొద్దు. కిలోల లెక్కన కూలి ఇస్తే మాత్రం ఈ అధికారం ఉత్తదే. చేతులు తొందరపడతాయి, తాలు జారిపోతుంది. రోజు కూలి కట్టు.

కారంపొడిలో తేమ 11 శాతం మించొద్దని చట్టం. నువ్వు 10 లోపే ఉంచు. గిర్ని నుంచి వచ్చిన వేడి పొడిని అప్పుడే ప్యాక్ చేస్తే లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది, పరిచి చల్లారనివ్వు. ఒక్కో విడత నుంచి 200 గ్రాములు తీసి, తేదీ, అడ్తి (మార్కెట్‌లో కాయ ఇప్పించే కమీషన్ ఏజెంటు) పేరు రాసి, గడువు తీరేదాకా దాచు. ఫిర్యాదొస్తే ఆ ప్యాకెట్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి అందరి ముందు చూడు. తప్పు చెప్పినవాళ్ల మీద కేకలేశావా, రెండో తప్పు నీదాకా రాదు.

వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా అని, రంగు కోసం తేజ రకం మిర్చిలో కాస్త చపాట కలిపి ఆ పేరు ప్యాకెట్ మీద వెయ్యకు. అధీకృత వినియోగదారుగా నమోదైతేనే వాడాలి.

అడ్తిదారుకు చెప్పిన రోజే పైసలు ముట్టజెప్పు. ఆలస్యం చేసేవాళ్లకు మంచి లాటు చూపించరు.

మీ పెద్దబాపు