షుగర్ తగ్గింది సరే, కిడ్నీలు చూపించారా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. మూడు నెలలుగా సంతలో కొన్న పొడపత్రి, నేరేడు గింజల చూర్ణం కూడా పరగడుపున తీసుకుంటున్నారు. ఫాస్టింగ్ 180 ఉండేది, ఇప్పుడు 92. అప్పుడప్పుడు పదకొండింటికి చెమటలు, వణుకు వస్తాయి. బెల్లం ముక్క తింటే సర్దుకుంటుంది. కాళ్లు కాస్త వాస్తున్నాయి. మాత్రలు మానేసి చూర్ణం మీదే ఉండొచ్చా? ఏ కంపెనీ ఎక్స్‌ట్రాక్ట్ మంచిది?
- ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: మీరు అడిగింది చూర్ణం గురించి. నన్ను కంగారుపెట్టింది మాత్రం ఆ చెమటలూ, కాళ్ల వాపూ.

పన్నెండేళ్ల షుగర్, కాళ్ల వాపు, మాత్రల డోసు పెంచకుండానే ఫాస్టింగ్ సగానికి దిగడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే నా మొదటి అనుమానం కిడ్నీల మీదికే పోతుంది. ఇన్సులిన్‌నూ, గ్లిమిపిరైడ్ లాంటి మందులనూ ఒంట్లోంచి పంపేయడంలో కిడ్నీలది పెద్ద పని. అవి దెబ్బతింటే మందు ప్రభావం ఎక్కువసేపు నిలిచి షుగర్ పడిపోతుంది. ఇంట్లోవాళ్లేమో చూర్ణం పనిచేసిందని సంబరపడతారు. మీ నాన్నగారి విషయంలో ఇదే జరిగిందని చూడకుండా చెప్పలేను. కానీ క్రియాటినిన్, ఇజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే లెక్క), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఈ వారంలోనే చేయించండి. మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా వద్దా అన్నది కూడా ఆ ఇజీఎఫ్ఆర్‌ని బట్టే ఉంటుంది.

రెండో అనుమానం ఆ పొట్లం మీద. పేరూ, బ్యాచ్ నంబరూ లేని షుగర్ పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లిష్ షుగర్ మందులు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. మీ పొడిలోనూ అలా కలిసి ఉంటే ఆయన రోజూ రెండు డోసులు మింగుతున్నట్టే, ఒకటి తెలిసి, ఒకటి తెలియక. కల్తీ లేకపోయినా పొడపత్రికి షుగర్‌ను కొంత తగ్గించే గుణం ఉండొచ్చు. గ్లిమిపిరైడ్‌కి అది తోడైతే లో-షుగర్ ముప్పు పెరుగుతుంది.

కాబట్టి చూర్ణం ఈరోజే ఆపండి. తర్వాతి గ్లిమిపిరైడ్ మాత్ర వేసేముందు మీ డాక్టరుకు ఫోన్ చేసి ఈ చెమటల సంగతి చెప్పండి. మళ్లీ వణుకు వస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, తర్వాత ఏదైనా తినిపించండి. మిషన్ అందుబాటులో లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి, పంచదార ఇచ్చేయండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

మూలికలంటే నాకు చిన్నచూపేమీ లేదు. పొడపత్రి పచ్చి ఆకు నమిలి పంచదార వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని కాసేపు తెలియనివ్వవు. నాలుకకు తెలియనంత మాత్రాన రక్తంలో తీపి పోయినట్టు కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో మెంతులతో షుగర్ తగ్గిన మాట నిజం. అయితే వాళ్లు ఇచ్చింది నూనె తీసిన మెంతిపిండి, రోజుకు 100 గ్రాములు. రాత్రి నానబెట్టిన చెంచాడు మెంతుల నుంచి అదే ఫలితం ఆశిస్తే ఎలా?

మీరు మానేస్తామంటున్న మెట్‌ఫార్మిన్ కథ కూడా ఒక మొక్క దగ్గరే మొదలైంది. యూరప్‌లో పెరిగే గలేగాలోని గలేజిన్ షుగర్ తగ్గిస్తుంది గానీ విషప్రభావం ఎక్కువ. దాన్ని పోలిన సురక్షితమైన రసాయనం కోసం వెతగ్గా, 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ మెట్‌ఫార్మిన్‌ను షుగర్ రోగులకు వాడిన ఫలితాలు ప్రకటించారు. మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములుందో అట్ట మీద ఉంటుంది. మూలికల నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో మందు ఎంతుందన్నది మొక్క పెరిగిన చోటును బట్టి, తీసిన పద్ధతిని బట్టి మారిపోతుంది. వాటిపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. అందుకే కంపెనీ పేరు చెప్పను. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలా ఎవరు చెప్పినా అక్కడినుంచి లేచి వచ్చేయండి.

మాత్రలు సొంతంగా మానడం మాత్రం కుదరదు. డోసు తగ్గించాల్సి రావచ్చు, మందే మార్చాల్సి రావచ్చు. అది రిపోర్టులు చూసి తేల్చాలి. చెమటలు పడుతుంటే బెల్లంతో నెట్టుకొచ్చారు గానీ, డాక్టరుకు ఒక్క మాట చెప్పినట్టు రాయలేదు. చూర్ణం సంగతి చెబితే తిడతారని దాచేవాళ్లను రోజూ చూస్తుంటాను. తిట్టినా ఫర్వాలేదు, చెప్పండి.

వెళ్లేటప్పుడు ఆ పొట్లం కూడా పట్టుకెళ్లండి. అందులో తిప్పతీగ కలిసి ఉండొచ్చు, దానితో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. కాబట్టి లివర్ పరీక్ష కూడా రాయమని అడగండి. ఇంకొకటి, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో మాత్రలు కొని వేసుకుంటున్నారేమో నాన్నగారిని అడగండి. మీరు ఆ విషయం రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటివి వాడుతుంటే కిడ్నీలకు అది ఈ చూర్ణం కన్నా పెద్ద బెడద కావచ్చు.