టెక్ సందేహాలు: ఇంజిన్ మార్చాక మీటర్లు తప్పు చూపిస్తుంటే

ప్రశ్న: పాత కార్బురేటర్ జిప్సీలో ఆటోనగర్‌లో ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చల్లే) ఇంజిన్ వేయించాను. హీట్ మీటర్ వైరును కొత్త ఇంజిన్ మీదున్న రెండు వైర్ల సెన్సర్‌కే కలిపారు. నల్లపొగ వస్తోంది, మైలేజీ పడిపోయింది. హెడ్‌లైట్లు వేస్తే హీట్ మీటర్ ముల్లు పైకి లేస్తోంది. ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) మీటర్ సగమే చూపిస్తోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. తేడా వైరింగ్‌లోనే ఉంది.

ఆ రెండు వైర్ల సెన్సర్ పూర్తిగా ఈసీయూదే. ఈసీయూ దానికి 5 వోల్టులు ఇచ్చి, ఎంత మిగిలిందో చూసి వేడి లెక్కగడుతుంది. మీటర్ వైపు కరెంటు అందులో కలిస్తే వోల్టేజీ పెరుగుతుంది. వోల్టేజీ ఎక్కువుంటే ఇంజిన్ చల్లగా ఉందని లెక్క కాబట్టి ఈసీయూ పెట్రోలు ఎక్కువ వదులుతుంది. నల్లపొగకు మొదటి అనుమానం దీని మీదే. ఇలాగే తిప్పితే ఈసీయూ కూడా దెబ్బతినొచ్చు. మీటర్ వైరు వెంటనే విప్పేయించండి.

మీటర్‌కు పాత ఇంజిన్‌లోని ఒంటి వైరు సెన్సరే కావాలి. మీ ముల్లు దాని లెక్కకే తయారైంది. కొత్త ఇంజిన్‌లో దానికి చోటు లేకపోతే రేడియేటర్ పై హోస్‌ను కోసి మధ్యలో ఇత్తడి అడాప్టర్ వేయించండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. రబ్బరు హోస్ మధ్యలో ఉన్న అడాప్టర్‌కు ఎర్త్ అందదు, విడిగా ఒక వైరు ఇంజిన్‌కు బిగించాలి. సెన్సర్ బిగించే మర మీద టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టొద్దు, అదీ ఎర్త్‌ను అడ్డుకుంటుంది.

హెడ్‌లైట్లతో ముల్లు లేవడం ఎర్త్ సరిగా లేదనడానికి గుర్తు. విశాఖ ఉప్పుగాలికి ఎర్త్ లగ్గుల (వైరు కొనకు ఉండే లోహపు బిళ్లల) కింద తుప్పు త్వరగా పడుతుంది. పెయింటు, తుప్పు గీకి, ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య లావుపాటి ఎర్త్ పట్టీ వేయించండి. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, మరో కొన ఇంజిన్ బ్లాకుకు పెట్టి స్టార్టర్ తిప్పండి. 0.3 వోల్టు దాటితే పట్టీ, లగ్గులు మళ్లీ చూడాలి.

ఇక ఆర్‌పీఎం. నాలుగు సిలిండర్లకు రెండు ఇగ్నిషన్ కాయిళ్లున్న ఇంజిన్‌లో ఒక్కో కాయిల్ ఇంజిన్ తిరిగే చుట్టుకు ఒక్కసారే స్పార్క్ ఇస్తుంది. పాత మీటర్ చుట్టుకు రెండు పల్సులు లెక్కిస్తుంది కాబట్టి సగమే కనిపిస్తుంది. కాయిల్ నుంచి కాక, ఈసీయూ నుంచి వచ్చే టాకో (ఆర్‌పీఎం సిగ్నల్) వైరు కలపండి. అప్పటికీ ముల్లు కదలకపోతే ఆ వైరుకూ ఇగ్నిషన్ 12 వోల్టుకూ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి చూడండి.

చెక్ ఇంజిన్ బల్బు తప్పక పెట్టించండి. ఒక వైపు ఇగ్నిషన్ 12 వోల్టు, రెండో వైపు ఈసీయూ వైరు; ఎర్త్ ఈసీయూనే ఇస్తుంది. స్టార్టయి రెండు క్షణాలకే ఆగిపోతుంటే తాళం చిప్‌ను అనుమానించండి: కొత్త ఇంజిన్ ఏ బండి నుంచి తీశారో ఆ బండి తాళం, ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఇంజిన్‌ను ఆపే పరికరం), ఈసీయూ మూడూ ఒకే సెట్టుగా ఉండాలి.

పని అయ్యాక, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే ఈసీయూ రీడింగులు చూపే స్కానర్ పెట్టండి. కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు దాదాపు సమానంగా ఉంటే సెన్సర్ వైరింగ్ సరిగా ఉన్నట్టే. ఇంజిన్ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించారా? మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చూసుకుని, రవాణా కార్యాలయంలో ఆ పని కూడా పూర్తి చేయండి.