మీ ప్రశ్న – మా జవాబు: లిఫ్టు లెక్కలు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు పట్టే లిఫ్టుంది. పైకెక్కడానికే కరెంటు కావాలి, దిగడానికి అక్కర్లేదని నేనంటాను. మావారు ఒప్పుకోరు. ఎవరిది నిజం?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: చెరిసగం. లిఫ్టు బావిలో చేద లాంటిది కాదు, తక్కెడ లాంటిది. మోటారు తిప్పే గాడి చక్రం మీదుగా ఉక్కు తాళ్లు వేలాడుతుంటాయి. ఒక కొసకు మీరెక్కే క్యాబిన్, రెండో కొసకు ఇనుప దిమ్మెల కౌంటర్ వెయిట్. తాళ్లు చక్రానికి చుట్టుకోవు, గాడిలో రాపిడి పట్టుతోనే కదులుతాయి.

మన దగ్గర మనిషికి 68 కిలోల లెక్క, ఆరుగురికి 408. ఖాళీ క్యాబిన్ 700 కిలోలనుకుందాం. దిమ్మెలను క్యాబిన్ బరువుకు మోయగల బరువులో సుమారు సగం కలిపి పెడతారు, అంటే 904 కిలోలు. ముగ్గురెక్కితే రెండు వైపులా సరితూగి, మోటారుకు రాపిడిని గెలిచే పనే మిగులుతుంది. ఆరుగురు దిగుతుంటే బరువే కిందికి లాక్కుపోతుంది, మోటారు పట్టి ఆపాలి. ఆ దాకా మీ మాట నిజం. కానీ ఖాళీ లిఫ్టు దిగేటప్పుడు 204 కిలోల తేడాను అటువైపు పైకి లాగాలి. నిండు లిఫ్టు ఎక్కడానికి పడే బరువూ అంతే! పిల్లలు ఊరికే బటన్ నొక్కి ఖాళీ లిఫ్టును కిందికి రప్పిస్తే, ఆ ఆటకు బిల్లు మీదే.

ప్రశ్న: నలుగురమే ఎక్కినా ఓవర్‌లోడ్ బజర్ మోగింది. రిపేరా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: లిఫ్టుకు తలకాయలు లెక్కపెట్టడం రాదు, కిలోలే తెలుసు. 75 కిలోల వాళ్లు నలుగురు, 25 కిలోల సోనామసూరి బస్తాలు ఐదు అయితే 425 కిలోలు, ఆరుగురి లిఫ్టు మోసే 408 దాటినట్టే. బజర్ తప్పేం లేదు. ఖాళీగా ఉన్నా మోగుతుంటే మాత్రం సెన్సర్ సెట్టింగ్ చూపించండి. మోత భరించలేక వైరు పీకేయొద్దు.

ప్రశ్న: లిఫ్టులో బరువు నిజంగా మారుతుందా? ప్రయోగం చేసి చూడొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, అనంతపురం

జవాబు: మారేది నేల మిమ్మల్ని నెట్టే బలం. కాటా చూపేది దాన్నే. పైకి బయల్దేరేటప్పుడు త్వరణం సెకనుకు సెకనుకు 1 మీటరైతే, 60 కిలోల మనిషికి కాటా 66 చూపుతుంది. వేగం నిలకడ పడ్డాక మళ్లీ 60, ఆగబోతుంటే 54. దిగేటప్పుడు ఇదంతా తలకిందులు: ముందు 54, చివర 66. కడుపులో తేలినట్టనిపించేది ఆ 54 దగ్గరే.

డిజిటల్ కాటా వద్దు. చాలావాటిలో అంకె ఒకసారి నిలిచాక కదలదు. ముల్లు తిరిగే స్ప్రింగు కాటా తీసుకెళ్లండి. అపార్ట్‌మెంట్ లిఫ్టు మెల్లగా కదిలేదైతే త్వరణం సగమే ఉండి, 63 దాటకపోవచ్చు. అదీ సెకనో రెండో. ముల్లును ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడండి.

ప్రశ్న: ఎండాకాలం కరెంటు పోయి లిఫ్టు అంతస్తుల మధ్య ఆగింది. కింద పడుతుందేమోనని వణికిపోయాం. తలుపు తోసి దూకొచ్చా?
– పాఠకురాలు, కడప

జవాబు: దూకొద్దు. కరెంటు బ్రేకును వేయదు, విప్పుతుంది. అది పోగానే స్ప్రింగు బ్రేకును బిగించేస్తుంది. తాళ్లు కూడా ఒకటి కాదు, కొన్ని. వేగం హద్దు దాటితే దాన్ని కనిపెట్టే గవర్నర్ అనే పరికరం తగులుకుని, క్యాబిన్ అడుగునున్న సేఫ్టీ గేర్ పట్టాలను కరిచిపట్టుకుంటుంది. గాలి ఆడే సందులుంటాయి, ఊపిరాడదన్న భయం వద్దు.

ప్రాణం పోయేది దూకబోయినప్పుడే. మధ్యలో ఆగిన క్యాబిన్ కింద ఖాళీ ఉంటుంది, కాలు జారితే నేరుగా గుంతలోకే. అలారం నొక్కి కూర్చోండి. తెలిసిన మెకానిక్ ముందు మెయిన్ ఆపి, ఆ తర్వాతే బ్రేకు సడలించి, క్యాబిన్‌ను అంతస్తుకు తెస్తాడు. లోపల ఒకరిద్దరే ఉంటే దిమ్మెలదే పైచేయి, లిఫ్టు పైకే కదులుతుంది. కంగారు పడకండి.

కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీసే ఏఆర్‌డీ మీ లిఫ్టులో ఉందేమో కనుక్కోండి. ఉండీ పని చేయలేదంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీలను. నెలకోసారి, లోపల ఎవరూ లేనప్పుడు, మెకానిక్‌తో మెయిన్ ఆపించి పరీక్షించండి.

ప్రశ్న: లిఫ్టు తెగి పడుతుంటే, నేల తాకే క్షణంలో ఎగిరితే బతుకుతామా?
– అదే అనంతపురం విద్యార్థి

జవాబు: 9 మీటర్లు పడితే వేగం గంటకు సుమారు 48 కిలోమీటర్లు. అడుగెత్తు ఎగరగలిగే మీ కాళ్లు ఆ వేగంలో తగ్గించేది 9 కిలోమీటర్లే. మిగిలిన 39తో నేలను కొడతారు. అదీ క్షణం సరిగ్గా కుదిరితే, పైన కప్పు తలకు తగలకపోతే.