ఊరి నర్సుకు నిద్ర సంగతి ఎందుకంటారా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతుని. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. కమ్యూనిటీ పోస్టింగ్‌కి ఊళ్ళు తిరిగొచ్చినప్పటి నుంచి ఐసీయూ వద్దు, ఊళ్ళోనే పనిచేస్తానంటోంది. ప్రాజెక్టు కూడా రోగుల నిద్ర మీదేనట. నిద్ర గురించి చెప్పడానికి నర్సు కావాలా? దానికి భవిష్యత్తు ఉందా?

జవాబు: మీ ఉత్తరం చదివితే మా అమ్మ గుర్తొచ్చిందండీ. ఆమె బీపీ మందుల్లో ఒకటి నీళ్ళ మాత్ర, అంటే మూత్రం ఎక్కువగా పోయించేది. రాత్రి అన్నం తిన్నాక వేసుకునేది. ఇక తెల్లారేలోపు నాలుగుసార్లు లేవడమే. వయసు మీద పడింది కదా, అంతేలే అనుకున్నాం. చివరికి నిద్రమాత్ర కూడా మొదలైంది. బీపీ చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సమ్మ ఒక్క మాట అడిగింది: "ఈ మాత్ర ఏ టైముకి వేసుకుంటున్నావమ్మా?" డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన ఒప్పుకున్నాక పొద్దుటికి మార్పించింది. ఎన్ని ఓపీ చీట్లు రాయించుకున్నా ఆ ప్రశ్న మాకు ఎదురు కాలేదు.

మీ అమ్మాయి ఊళ్ళలో చూసింది ఇలాంటివే అయ్యుంటాయి. డాక్టరు దగ్గర రోగి ఉండేది కాసేపే. మంచం ఎక్కడ వేశారు, సాయంత్రం ఎన్ని టీలు తాగుతున్నారు, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటున్నారు, రాత్రి కాళ్ళు లాగుతున్నాయా అన్నవి ఇంటికి వెళ్ళే మనిషికే కనిపిస్తాయి. పొగాకు కాల్చే బ్యారన్‌కి ఆకు ఎక్కించాక అయిదారు రోజులు మంట కనిపెట్టుకుని మీరు ఎలా పడుకుంటారో మీకు తెలుసు. కొత్తపట్నం నుంచి నెల్లూరు జిల్లా అల్లూరు దాకా రొయ్యల గుంటల మీద కాపలా ఉండేవాళ్ళకు తెల్లవారుజామే అసలు టెన్షన్, నీటిలో ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. వీళ్ళకు "రాత్రి పది గంటలకు పడుకోండి" అని చెబితే నవ్విపోతారు. ఎవరి పనిని బట్టి వాళ్ళకు నిద్ర వేళలు సర్ది చెప్పాలి. దానికి చదువు కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం గురక. మన ఇళ్ళలో గురక పెడితే "హాయిగా నిద్రపోతున్నాడు" అంటాం. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్ళీ అందుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. బీపీ మందులకు లొంగకపోవడానికి అదొక కారణం. పగలు తూగుతూ లారీ నడిపేవాడైతే ఎదుటివాడికీ ప్రమాదమే. స్టాప్-బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక ఉంది. గురక, పగటి అలసట, బీపీ, బరువు, వయసు, మెడ చుట్టుకొలత లాంటివి అందులో చూస్తారు. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగర్ పరీక్షలు ఎలాగూ ఊళ్ళోనే చేస్తున్నారు. అప్పుడే ఇవీ అడిగి, అనుమానం ఉన్నవాళ్ళను పెద్దాసుపత్రికి పంపడం నర్సు చేయగల పని. జబ్బును నిర్ధారించాల్సింది మాత్రం అక్కడి డాక్టరు.

నిద్రమాత్రల విషయంలోనూ ఆమె హద్దు ఆమెకు తెలియాలి. ఆల్‌ప్రజోలామ్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు కనిపిస్తారు. "మానెయ్" అనడం తప్పు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటారు. దానికి ముందుగా చెప్పే వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే పద్ధతి, అంటే నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చుకోవడం నేర్పేది. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర రాకుండా మంచం మీద దొర్లకపోవడం అందులో భాగాలు. శిక్షణ పొందిన నర్సులు దీన్ని నేర్పగలరు. వెనకాల దిగులు ఉందనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వొచ్చు, ఉచితం.

ఇక భవిష్యత్తు. "నిద్ర నర్సు" అనే పోస్టు మన దగ్గర వెతకొద్దు. ఊళ్ళో పనిచేయాలంటే ఉన్న దారి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. అది కాంట్రాక్టు ఉద్యోగం, ఆ మాట ముందే తెలిసుండాలి. సర్టిఫికెట్ ఏది అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో చూసుకోండి. పర్మినెంట్ కావాలంటే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష కూడా రాయమనండి. తర్వాత ఎమ్మెస్సీలో కమ్యూనిటీ హెల్త్ గానీ మానసిక ఆరోగ్యం గానీ తీసుకుంటే నిద్ర మీద పట్టు వస్తుంది. నన్నడిగితే రెండోదే మేలు. ఆన్‌లైన్‌లో అమ్మే "స్లీప్ కోచ్" సర్టిఫికెట్లకు పైసా కట్టొద్దు.

ఐసీయూ వద్దంటోందన్న మీ బెంగలోనూ సగం న్యాయం ఉంది. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది పెద్దాసుపత్రి వార్డులో చేయమనండి. ఊపిరి ఆగడం, షుగర్ పడిపోవడం కళ్ళారా చూసిన నర్సు ఊళ్ళో ఒంటరిగా ఉన్నప్పుడు తడబడదు.

ప్రాజెక్టుకు రెండు వారాల నిద్ర డైరీ సరిపోతుంది. పగటి తూగును కొలిచే ఎప్‌వర్త్ పట్టిక కూడా వాడొచ్చు గానీ, అందులో కారులో గంట ప్రయాణం, ట్రాఫిక్‌లో ఆగిన కారు అంటూ ప్రశ్నలుంటాయి. మన పల్లెల్లో వాటిని ఎలా అడగాలో గైడ్‌తో కూర్చుని తేల్చుకోవాలి, సొంతంగా మార్చకూడదు. బ్యారన్లు కాలేటప్పుడు ఒకసారి, ఆకు వేలానికి వెళ్ళాక ఒకసారి అవే ఇళ్ళకు వెళ్ళమనండి. మొదటి విడతలో మీ డైరీ కూడా రాసుకోమనండి.