స్కోరు పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, ఒక పాత స్కోరర్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా మనవడు సియాటిల్‌లో ఏడో తరగతి చదువుతున్నాడు. అక్కడి మెరైనర్స్ బేస్‌బాల్ జట్టంటే వాడికి ప్రాణం. 2001లో ఇచిరో సుజుకీ సగటు .350 అని, అది చాలా గొప్పని చెప్తాడు. నూటికి 35 అంటే మన దగ్గర పాస్ మార్కులే కదా? 2010లో ఫెలిక్స్ హెర్నాండెజ్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) 13 గెలిచి 12 ఓడినా అతనికే ఉత్తమ పిచర్ అవార్డు ఇచ్చారట. ఈ లెక్కలు ఎలా చదవాలి? వాడితో కలిసి నేనూ స్కోరు రాయగలనా?
– ఒక అమ్మమ్మ, పెరంబూరు, చెన్నై

జవాబు: తప్పకుండా రాయగలరమ్మా. ముందు ఆ 35 సంగతి చూద్దాం.

ఏ సగటు చూసినా దేనితో భాగించారో ముందు చూడాలి. క్రికెట్‌లో పరుగులను ఔటైన సార్లతో భాగిస్తాం. బ్రాడ్‌మన్ 80 ఇన్నింగ్స్ ఆడినా పదిసార్లు నాటౌట్ కాబట్టి ఆయన 6,996 పరుగులను 70తోనే భాగించారు. 99.94 అలా వచ్చింది. బేస్‌బాల్ సగటులో పరుగుల ఊసే లేదు. బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ (మైదానంలో పరుగెత్తి చేరాల్సిన మజిలీ) చేరితే ఒక హిట్. ఆ హిట్లను కొట్టే అవకాశాలతో భాగిస్తారు. 2001లో ఇచిరో 692 అవకాశాల్లో 242 హిట్లు కొట్టాడు. ఎదుటివాడు బంతి వేగం, వంపు మార్చి మార్చి విసురుతున్నాడు, వెనక ఏడుగురు ఫీల్డర్లు కాచుకుని ఉన్నారు. అలాంటి చోట మూడింట ఒకటి దక్కించుకోవడమే కష్టం. నూటికి 30 వస్తేనే మంచి ఆటగాడంటారు.

ఆ కింది అంకెలో కలపనివి కూడా ఉన్నాయి. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతాడు. దాన్ని వాక్ అంటారు, అది అవకాశంగా లెక్కకు రాదు. 1941లో టెడ్ విలియమ్స్ 456 అవకాశాల్లో 185 హిట్లు కొట్టాడు, సగటు .406. వాటికి తోడు 147 వాక్‌లు ఉన్నాయి. అవి సగటులో ఎక్కడా కనపడవు. అన్నీ కలిపి చూస్తే ఆయన క్రీజులోకి వచ్చిన రెండుసార్లలో ఒకసారి కంటే ఎక్కువే బేస్ చేరాడు. ఆ సీజన్ చివరి రోజుకి ఆయన సగటు .39955. దాన్ని .400గా సరిచేసి రాసేవాళ్లే, ఆడకుండా కూర్చున్నా సరిపోయేది. ఆయన మాత్రం ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి ఎనిమిదింట ఆరు కొట్టాడు. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ మనవడికి ఇంకొకటి చెప్పండి. 2001లో మెరైనర్స్ 116 మ్యాచ్‌లు గెలిచి 1906 నాటి షికాగో కబ్స్ రికార్డును అందుకున్నారు. గెలుపులు సమానమే. కానీ కబ్స్ ఓడింది 36, మెరైనర్స్ ఓడింది 46. ఇక్కడ కూడా కింది అంకె చూడాల్సిందే.

హెర్నాండెజ్ విషయం వేరు. పిచర్ పేరు మీద రాసే గెలుపు అతని ఒక్కడి చేతిలో లేదు, తన జట్టు బ్యాటర్లు పరుగులు చేస్తేనే అది అతనికి వస్తుంది. ఆ ఏడాది మెరైనర్స్ 162 మ్యాచ్‌ల్లో 513 పరుగులే చేశారు, మ్యాచ్‌కి మూడు పైచిలుకు. అతను మాత్రం తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున 2.27 పరుగులే ఇచ్చాడు, ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి అందులో కలపరు. అవార్డు ఇచ్చినవాళ్లు ఆ 2.27ను చూశారు. సరైన పని చేశారు.

ఇక స్కోరు రాయడం. నేను చెన్నై లీగ్ మ్యాచ్‌లకు ముప్పై ఏళ్లకు పైగా స్కోరు రాశాను. సముద్రపు గాలికి పేజీలు ఎగిరిపోకుండా రెండు గులకరాళ్లు జేబులో ఉండేవి. పరుగు రాని ఓవర్‌కి ఆరు చుక్కలు పెట్టి వాటిని కలిపి ఎమ్ అక్షరం గీసేవాణ్ణి. ఆ రోజుల్లో జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న అమెరికన్ లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తుంటే బేస్‌బాల్ స్కోరు పట్టిక కంటబడింది. దాన్ని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టినవాడు, క్రికెట్ మీద కూడా రాసేవాడు. మన చుట్టమే అనిపించింది. బ్యాటర్ బంతిని కొట్టలేక ఔటయ్యే స్ట్రైక్‌ఔట్‌కి కె అని రాయడం ఆయన పెట్టిన గుర్తే.

ఒకసారి లీగ్ మ్యాచ్‌లో ఓ కుర్రాడికి యాభై వచ్చిందని చప్పట్లు కొట్టాం. సాయంత్రం బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కూడితే మొత్తం కంటే ఒకటి ఎక్కువ వచ్చింది. అంపైర్ చూపించిన లెగ్‌బైని నేను అతని ఖాతాలో వేశాను. కొట్టేసి 49 చేశాను. కుర్రాడు పుస్తకంలోకి చూసి ఏమీ అనకుండా బ్యాగు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ కొట్టివేత ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

అందుకే షికాగో కబ్స్ బ్యాటర్ హాక్ విల్సన్ కథ నాకు దగ్గరిది. 1930లో అతని దెబ్బలకు జట్టుకు వచ్చిన పరుగులు 190 అని పుస్తకాల్లో ఉండేది. అందులో ఒకటి పొరపాటున సహ ఆటగాడు చార్లీ గ్రిమ్ ఖాతాలో పడింది. 1999లో దాన్ని 191గా దిద్దారు. విల్సన్ పోయి అప్పటికి యాభై ఏళ్లు. అయినా దిద్దారు.

ప్రశ్న: జపాన్, అమెరికా కలిపి ఇచిరో 4,367 హిట్లు కొట్టాడు. అమెరికా లీగ్‌లో రికార్డు ఉన్న పీట్ రోజ్‌వి 4,256. మరి ప్రపంచ రికార్డు ఇచిరోదే కదా?
– ఒక కాలేజీ విద్యార్థి, చూళైమేడు, చెన్నై

జవాబు: రెండు లీగులవి రెండు ఖాతాలు బాబూ. అమెరికాలో ఇచిరోవి 3,089, జపాన్‌లో 1,278. ఆ రెండూ కూడి రోజ్ పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇచిరోకి ఆ సాయం అక్కర్లేదు కూడా. 2004లో ఒక్క సీజన్‌లో 262 హిట్లు కొట్టి, 1920 నుంచి ఉన్న జార్జ్ సిస్లర్ రికార్డు 257ను దాటాడు. సిస్లర్ కాలంలో సీజన్‌కి 154 మ్యాచ్‌లు, ఇప్పుడు 162. పక్కన ఆ సంగతీ రాసుకో. రికార్డు దాటిన రోజు స్టేడియంలో సిస్లర్ కూతురు ఉంది, 81 ఏళ్ల పెద్దావిడ. ఇచిరో ఆట ఆపి మరీ ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపాడు.

పెరంబూరు అమ్మమ్మగారికి మరో మాట. ఎండాకాలం సియాటిల్‌లో సాయంత్రం ఏడంటే మనకు మర్నాడు పొద్దున ఏడున్నర, కాఫీ వేళ. ఒక పొడుగు నోటుబుక్కులో తొమ్మిది అడ్డవరుసలు (బ్యాటర్‌కి ఒకటి), తొమ్మిది నిలువువరుసలు (ఇన్నింగ్స్‌కి ఒకటి) గీయండి. ఫీల్డర్లకు నంబర్లుంటాయి: పిచర్ 1, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ 2, అలా కుడివైపు దూరంగా నిలబడేవాడు 9. మీ మనవడు వీడియో కాల్‌లో 6-4-3 అంటే, బంతి ఆ ముగ్గురి చేతులు మారి ఇద్దరు ఔటయ్యారని రాసుకోండి. ఆట అయ్యాక ఒక జట్టు తరఫున కొట్టడానికి ఎన్నిసార్లు వచ్చారో కూడండి. ఆ సంఖ్య వాళ్ల పరుగులు, బేసుల మీద మిగిలిపోయినవాళ్లు, ఔటైనవాళ్లు, ఈ మూడింటి మొత్తానికి సరిగ్గా సమానం కావాలి. మొదటి పేజీ పూర్తయ్యాక ఫొటో తీసి పత్రికకు పంపండి. ఇక్కడ నేను కూడా కూడి చూస్తాను.