బోర్డు మీద బ్యాటరీయే లేదు, మరి తేదీ ఎందుకు చెరిగిపోతోంది?

మీ లేత్ మెషీన్‌ను నడిపే 486 (పాతతరం) కంప్యూటర్ కరెంటు తీసిన ప్రతిసారీ 1980 జనవరి 1కి వెళ్లిపోతోందని, హార్డ్ డిస్క్ దొరకడం లేదంటోందని, ఎంత వెతికినా బ్యాటరీ కనిపించలేదని రాశారు. బ్యాటరీ ఉంది, చిప్పు కడుపులో ఉంది. బోర్డు మీద మామూలు చిప్పులకంటే బాగా ఎత్తుగా, నల్లటి ఇటుకలా ఒకటి ఉంటుంది చూడండి. పైన అలారం గడియారం బొమ్మ, డల్లాస్ అన్న పేరు ఉంటే అది డీఎస్12887 అనే గడియారం చిప్పు, లేదా దాని ముందుతరం డీఎస్1287.

ఆ నల్లటి ఎపాక్సీలో (రాయిలా గట్టిపడే జిగురులో) లిథియం సెల్లు, గడియారానికి లయనిచ్చే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ కలిపి పోతపోశారు. 12887లో 128 బైట్ల మెమరీ ఉంటుంది. 14 గడియారానికి, మిగతా 114 సెటప్ (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెర) వివరాలకు. డిస్కుకు ఎన్ని సిలిండర్లు, ఎన్ని హెడ్లు అన్నదీ అక్కడే దాచుకుంటుంది. సెల్లు చచ్చిపోతే కరెంటు తీయగానే అవన్నీ చెరిగిపోతాయి. అందుకే పాపం డిస్కును అనుమానించకండి. హైదరాబాద్ బాలానగర్ కార్ఖానాల్లో ఇదే కారణంగా నిక్షేపమైన డిస్కులను తీసి పారేయడం చూశాను. డిస్కు లేబుల్ మీది అంకెలు సెటప్‌లో ఎక్కించండి. కరెంటు పోనంతవరకు పని నడుస్తుంది, రోగం ఈ సెల్లుదేనని కూడా తేలిపోతుంది.

పాత స్టాకు చిప్పు మాత్రం కొనకండి. కంపెనీ చెప్పిన ఆయుష్షు సుమారు పదేళ్లు. చిప్పు అల్మరాలో ఉన్నా సెల్లు ముసలిదవుతూనే ఉంటుంది. చిప్పు మీది తేదీ కోడ్‌లో 9523 అని ఉంటే 1995లో 23వ వారం అని లెక్క.

నేను చేసేది ఆపరేషనే. ఈ చిప్పులో 16, 20 నంబర్ల కాళ్లు కిందికి రావు, లోపలే పైకి వంగి సెల్లుకు తగులుతాయి. ఆ రెండు ఖాళీల పైన, పక్క గోడను సన్నటి ఆకురాయితో మెల్లగా అరగదీస్తే లోహం తళుక్కుమంటుంది. అక్కడ ఆగండి, ఇంకా లోతుకు వెళితే చిప్పుకే ముప్పు. మాస్కు తప్పనిసరి, ఆ పొడి మంచిది కాదు. తర్వాత ఆ రెండు తీగలనూ సెల్లు వైపు తెంపి, చిప్పు వైపు మిగిలిన మొదళ్లకు వైర్లు అతకండి: 20 ప్లస్, 16 మైనస్. తెంపకుండా కొత్త సెల్లు కలిపితే చచ్చిన సెల్లు దాన్ని తాగేస్తుంది, పైగా ఛార్జింగ్ ఎక్కకూడని లిథియం సెల్లులోకి కరెంటు పోతుంది.

సీఆర్2032 అనే బిళ్ల సెల్లును పెట్టే హోల్డర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. దాన్ని చిప్పు నెత్తిన కాకుండా పొడవు వైర్లతో క్యాబినెట్ అంచున అంటించండి. మరోసారి సెల్లు మార్చడానికి బోర్డు ఊడదీయనక్కర్లేదు. చివర్లో సెటప్‌లోకి వెళ్లి సమయం పెట్టి సేవ్ చేసి, రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున చూడండి.